పాఠశాల బాలుర టెన్నిసు పోటీలు

ఆటలలో కొన్ని జట్టుగా ఆడునవి. కొన్ని ఒక్కడు ఒక్కనితో ఆడునవి. ఫుట్‌బాలు ఆటలో ఒకని పొరపాటును తక్కిన పదిమందియు సవరింపగలరు. టెన్నిసు సింగిల్సు పోటీలో అట్టి వెసులుబాటు లేదు. వలకు ఈవల నొకడు, ఆవల నొకడు. గెలిచినవాడు తన నేర్పుచేత గెలిచెననియు, ఓడినవాడు తన లోపముచేత ఓడెననియు చూచువా రనుకొందురు. ఇందుచేత న్యాయము జరుగుట ఈ ఆటలో మిక్కిలి సులభమని తోచును. గీత లోపల పడిన బంతి మంచిది. వెలుపల పడిన బంతి చెడ్డది. ఆడువాని తండ్రి యెవరో, వాని యింట భాగ్య మెంతయో, వాని మేని రంగేదియో ఆ సున్నపు గీతకు తెలియదు.

గీతకు తెలియదు గాని, దాని లోపలికి ఎవరిని రానీయవలెనో, ఎవరిని రానీయరాదో నిర్ణయించిన పెద్దలకు తెలియును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఉన్నత పాఠశాల బాలుర టెన్నిసు పోటీల చరిత్రను గూర్చి శ్రోతలకు నాలుగు మాటలు విన్నవింప దలచితిని. ఈ చరిత్రలో విజేతల పేర్ల పట్టికలు చాలగా ఉన్నవి. సంవత్సర మొక వైపు, పేరొక వైపు, పాఠశాల యొక వైపు ముద్రించిన ఆ పట్టికలను చూచినచో, ఏటేట మేటియైన బాలు డెవడో తెలిసిపోయెనని మన మనుకొందుము. కాని ఆ పట్టికను చదువునప్పుడు మఱియొక ప్రశ్న కూడ వేసికొనవలసియున్నది. ఆ యేడు పోటీలో ప్రవేశము లేనివా రెవరు? ఈ ప్రశ్న వేయనిదే పట్టికలోని గెలుపునకు విలువ కట్టుట సాధ్యము గాదు.

మొదట ఈ పోటీలు నడచు విధమును చెప్పెదను. ఆ దేశమున ఉన్నత పాఠశాల చదువు కేంద్ర ప్రభుత్వపు చేతిలో లేదు. ఒక్కొక్క రాష్ట్రము తన పాఠశాలలను తానే నడుపుకొనును. ఆటలకు గూడ ఆయా రాష్ట్రముల పాఠశాలలు చేరి ఏర్పఱచుకొన్న సంఘములు కలవు. పదునాలుగేండ్లు మొదలు పదునెనిమిదేండ్లవఱకు వయస్సుగల బాలురు వీనిలో ఆడుదురు. ప్రతి పాఠశాలయు తనలో మేటియైన ఆటగాండ్రను మండలపు పోటీకి పంపును. అచ్చట నెగ్గినవారు ప్రాంతీయ పోటీకిని, అందు నెగ్గినవారు రాష్ట్రపు పోటీకిని పోవుదురు. ఒక్కమారు ఓడినవాడు సింగిల్సు పోటీనుండి తొలగవలసినదే. ముప్పదిరెండుగురితో పోటీ మొదలైనచో, విజేత కాదలచిన బాలుడు వరుసగా ఐదుగురిని ఓడింపవలెను. ఆ ఐదింట ఒక్కనాడు చేయి తడబడినను, ఆ యేటికి వాని ఆశ తీరిపోయినట్లే.

ఇట్టి పోటీలకు ఆ దేశమున ఆదినుండియు గౌరవము కలదు. 1881లో అమెరికా జాతీయ లాన్ టెన్నిసు సంఘ మేర్పడెను. ఆ యేడే న్యూపోర్టు పట్టణమున పెద్దల జాతీయ పోటీలు మొదలయ్యెను. పదియేండ్లు గడచిన పిమ్మట, 1891లో, హార్వర్డు విశ్వవిద్యాలయమువారు పాఠశాల బాలురకై ప్రత్యేకముగా ఒక పోటీ నడపిరి. అందు గెలిచిన రాబర్టు రెన్ అను బాలుడు తరువాత రెండేండ్లకే, అనగా 1893లో, పెద్దల జాతీయ విజేత యయ్యెను. 1894, 1896, 1897 సంవత్సరములలో ఆ గౌరవమును మరల పొందెను. పాఠశాలల పోటీ పిల్లల వేడుక మాత్రము గాదనియు, రేపటి మేటి ఆటగానిని నేడే చూపు అద్దమనియు నాడే తేలిపోయెను. అయితే ఆ కాలమున ఈ ఆట కలవారి బిడ్డలది. పచ్చిక కోర్టును పెంచి కాపాడుటకు ధనము కావలెను. రాకెట్టునకును బంతులకును ధనము కావలెను. అన్నిటికంటె ముఖ్యముగా తీరిక కావలెను. విశ్వవిద్యాలయములకు విద్యార్థులను తయారు చేసి పంపు ఖరీదైన పాఠశాలలలోనే ఇవి యన్నియు నొక్కచోట దొరకెడివి.

రాష్ట్ర సంఘములు పుట్టిన తీరు మఱియు వినదగినది. వానిలో కొన్ని ఆటలకై పుట్టినవి కావు. 1910లో టెక్సాసు విశ్వవిద్యాలయపు ప్రాపున, పాఠశాల విద్యార్థులకు వాద ప్రతివాదముల పోటీలు నడుపుటకై ఒక సంఘ మేర్పడెను. ఆ సంఘమే పెరిగి ఆ రాష్ట్రపు పాఠశాలల ఆటల పోటీలను గూడ నడుపసాగెను. 1913లో వర్జీనియా రాష్ట్రమున, షార్లట్స్‌విల్ పట్టణమందలి విశ్వవిద్యాలయపు సాహిత్య సభలవారు అట్టి సంఘమునే స్థాపించిరి. ఉపన్యాసము, వాదము, పరుగు, బంతి ఇవి యన్నియు ఒక్క చెట్టు కొమ్మలే యని వారి తలంపు. బాలుని బుద్ధికిని దేహమునకును గూడ సాము కావలెనను ఈ యాశయము మెచ్చదగినదే. ఈ షార్లట్స్‌విల్ పేరును శ్రోతలు జ్ఞాపక ముంచుకొన గోరెదను. మన కథ మరల ఆ యూరికే వచ్చును.

కాలిఫోర్నియా రాష్ట్రమున ఈ ఆట కలవారి తోటలను దాటి వీథిలోనికి వచ్చినది. అచ్చట ఓహాయ్ అను లోయలో 1896 నుండి ఒక పోటీ నడచుచున్నది. పాఠశాలల బాలురును, కళాశాలల విద్యార్థులును, పెద్దలును ఒక్కచోట చేరి ఆడు తిరునాళ్ల వంటిది ఆ పోటీ. ఆ రాష్ట్రమున వానలు తక్కువ. ఎండ కాయు దినము లెక్కువ. పురపాలక సంఘములు ఉద్యానవనములలో సిమెంటు కోర్టులు కట్టించెను. పచ్చికకు నీరు పోయవలెను, కత్తిరింపవలెను. సిమెంటునకు అట్టి సేవ యక్కఱలేదు. అందుచేత రాకెట్టు సంపాదింపగలిగిన ప్రతి పిల్లవాడును అచ్చటికి పోయి ఆడవచ్చును. లాస్ ఏంజలీసు నగరమున ఒక క్రైస్తవ బోధకుని కుమారుడైన బాబీ రిగ్సు ఇట్టి కోర్టులలోనే ఆట నేర్చి, ఆ రాష్ట్రపు ఉన్నత పాఠశాలల సింగిల్సు బహుమతిని మూడుమార్లు గెలిచెను. 1939లో వింబుల్డన్ విజేత యయ్యెను. పొట్టివాడని మొదట చిన్నచూపు చూచినవారికి పాఠశాలల పట్టికయే సమాధానము చెప్పినది. పాఠశాలల పోటీ పేదవానికి నిచ్చెన కాగలదని చెప్పుటకు ఇంతకంటె మంచి నిదర్శనము లేదు.

కాని ఆ నిచ్చెనకు అడుగు మెట్టు పాఠశాలయే గదా! బడికి పోనివాని గతి యేమి? ఆ నగరముననే 1928లో మెక్సికో దేశమునుండి వచ్చిన కుటుంబములో పుట్టిన రిచర్డు గాన్‌జాలిసు అను బాలునికి తల్లి యాబదియొక్క సెంట్ల రాకెట్టు నొకటి కొనియిచ్చెను. వాడు ఇతరుల ఆట చూచుచు, తనంతట తానే నేర్చుకొనెను. అయితే బడి యెగవేసి కోర్టునందే దినములు గడపుచుండుటచేత, దక్షిణ కాలిఫోర్నియా టెన్నిసు సంఘమువారు వానిని బాలుర పోటీలనుండి తొలగించిరి. చదువు మానినవానికి పోటీ లేదను నియమము బాలుర మేలు కొఱకే పెట్టినది. దానిని తప్పనుటకు వీలు లేదు. అయినను 1948, 1949 సంవత్సరములలో అమెరికా జాతీయ విజేతయైన గాన్‌జాలిసు, బాలుర పోటీలలో ఆడవలసిన యేండ్లను వెలుపల గడపెననునది కూడ సత్యమే. అప్పటి బాలుర పట్టికలు చదివి, వీరే ఆ కాలపు మేటిబాలురు అనుకొన్నవారు మోసపోయిరి.

ఇంతకంటె పెద్ద గోడ మఱియొకటి కలదు. అది నియమము పేర కట్టినది గాదు. రంగు పేర కట్టినది. అమెరికా దక్షిణ రాష్ట్రములలో తెల్లవారి పిల్లలకు వేఱు పాఠశాలలు, నల్లజాతివారి పిల్లలకు వేఱు పాఠశాలలు ఉండెడివి. పాఠశాలలు వేఱగుటచేత సంఘములును వేఱయ్యెను. సంఘములు వేఱగుటచేత రాష్ట్రపు విజేతలును ఇరువురయిరి. టెక్సాసులో నల్లజాతి పాఠశాలల సంఘము 1920లో ఏర్పడి, ప్రెయిరీ వ్యూ కళాశాలను కేంద్రముగా జేసికొని 1970వఱకు నడచినది. వర్జీనియాలో అట్టి పాఠశాలలకు 1954లో ప్రత్యేక సంఘ మొకటి యేర్పడి 1969వఱకు ఉండెను. ఈ సంఘములలోని ఉపాధ్యాయులు తక్కువ ధనముతో చేసిన సేవ తక్కువది గాదు. కాని రాష్ట్ర విజేత అను బిరుదు వహించిన ఇద్దరు బాలురు ఒక్క రాష్ట్రమునందే, కొన్ని చోట్ల ఒక్క ఊరియందే, నివసించుచుండియు, ఒకరితో నొకరు ఒక్క ఆటయైనను ఆడుటకు వీలు లేకుండెను. వారిలో ఎవడు మేటియో ఏ పట్టికయు చెప్పజాలదు.

పాఠశాలల వెలుపలను ఇదియే స్థితి. 1916లో నల్లజాతి ఆటగాండ్రు అమెరికన్ టెన్నిసు అసోసియేషను అను సంఘమును స్థాపించుకొని, 1917లో బాల్టిమోరు నగరమున తమ జాతీయ పోటీలను ప్రారంభించిరి. తెల్లవారి సంఘపు పోటీలలో వారికి తావు లేకుండుటయే దీనికి కారణము. ఉత్తర రాష్ట్రములలో గోడ కంటికి కనబడదు గాని, చేయి చాచినచో తగిలెడిది. న్యూయార్కు నగరమున రెజినాల్డు వీర్, జెరాల్డు నార్మన్ అను ఇరువురు యువకు లుండిరి. వీర్ తన కళాశాల జట్టునకును, నార్మన్ ఫ్లషింగు ఉన్నత పాఠశాల జట్టునకును నాయకులు. అనగా తెల్లవారైన తోడి విద్యార్థులు వారి నాయకత్వమున ఆడుచుండిరన్నమాట. 1929లో వారు జాతీయ సంఘమువారి బాలుర ఇండోరు పోటీకి ప్రవేశ రుసుము చెల్లించి, ఆడుటకు పోగా, అచ్చటివారు వారిని చూచి వెనుకకు పంపిరి. ఈ విషయమై నల్లజాతివారి హక్కుల సంఘము వ్రాసిన లేఖకు జాతీయ టెన్నిసు సంఘము బదులు వ్రాయుచు, అట్టివారిని చేర్చుకొనకుండుటయే తమ విధానమని దాచకుండ ఒప్పుకొనెను. పాఠశాల జట్టునకు నాయకుడు కాదగినవాడు పాఠశాల వయస్సువారి పోటీలో అడుగు పెట్టదగడట! వీర్ వైద్యవిద్య చదివి వైద్యుడై, 1948లో గాని జాతీయ ఇండోరు పోటీలో ఆడజాలకపోయెను. ఆ నడుమ గడచిన పందొమ్మిదేండ్లు ఆటగానికి ఎవరు తిరిగి యియ్యగలరు?

ఇక షార్లట్స్‌విల్ సంగతికి వచ్చెదను. ఇరువదవ శతాబ్దపు నడుమ పాఠశాల బాలుర జాతీయ పోటీలు వర్జీనియా విశ్వవిద్యాలయపు కోర్టులలో జరుగుచుండెను. ఆ ఊరికి కొంత దూరమున లించ్‌బర్గు పట్టణమున రాబర్టు వాల్టరు జాన్సను అను నల్లజాతి వైద్యు డుండెను. ఆయన తన యింటి పెరటిలో కోర్టు వేయించి, వేసవి సెలవులలో పిల్లలను చేరదీసి, తన ఖర్చుతో భోజనము పెట్టి ఆట నేర్పుచుండెడివాడు. ఆయన ఒకనాడు షార్లట్స్‌విల్‌లో ఆగి ఈ పోటీని చూచెను. ఆడువారందరును తెల్లవారే. ఆయన మౌనముగా ఇంటికి పోలేదు. పోటీని నడుపు అధికారిని కలసికొని, మా పిల్లలకు గూడ చోటియ్యవలసినదని అడిగెను. ఆ యధికారి అంగీకరించెను. 1951 ప్రాంతమున నల్లజాతి పాఠశాలలనుండి ఇరువురు బాలురను ఏఱి పంపిరి. ఆ యిరువురును మొదటి ఆటలోనే ఓడిరి. ఊరక ఓడుట గాదు. ఆఱు-సున్న, ఆఱు-సున్న లెక్కన, ఒక్క గేమైనను గెలువకుండ ఓడిరి.

తలుపు తెఱచుట వేఱు. తెఱచిన తలుపులో నిలువగల బలము వేఱు. ఏండ్ల తరబడి మంచి కోర్టులు, మంచి గురువులు, మంచి ప్రత్యర్థులు లేనివారిని ఒక్కనాడు పిలిచి ఆడుమన్నచో, వారికేమి మిగులును? ఓడినదే వారి తక్కువతనమునకు సాక్ష్యమని పలుకువారు ఎచ్చటను ఉందురు. డాక్టరు జాన్సను ఆ మాటకు నోటితో బదులు చెప్పలేదు. ఆ పోటీని గెలువగల బాలుని తయారు చేయుదునని సంకల్పించెను. ఆయన శిక్షణలో ఆట యొక పాలు, నడవడి యొక పాలు. చీపురు కఱ్ఱతో బంతిని కొట్టించి కంటికి గుఱి నేర్పెడివాడు. అంపైరుతో వాదింపరాదు, రాకెట్టు విసరరాదు, ఓడినను గెలిచినను ముఖము చిట్లింపరాదు అని కట్టడి చేసెను. అన్నిటికంటె విచిత్రమైన నియమ మింకొకటి. గీతకు రెండంగుళముల వెలుపల పడిన బంతిని గూడ మంచిబంతియేయని ఆడవలెను! తెల్లవారి పోటీలో నల్లజాతి బాలు డొక్కమారు బంతి వెలుపల పడెనని పలికి, అది తప్పని తేలినచో, మోసగాడను పేరు వచ్చును; ఆ పేరు వానితో పోక, వాని వెనుక వచ్చు పిల్లలందరికిని తలుపు మూసివేయును. ఇది వైద్యుని భయము. సున్నపు గీత అందరికిని ఒక్కటియే యని మొదట అంటిని గదా. ఆ బాలురకు మాత్రము కోర్టు ప్రక్కలకు రెండేసి అంగుళములు పెద్దది. ఎదుటివానికంటె ఎక్కువ నేలను కాపాడుచు వారు ఆడవలసివచ్చెను.

ఆ పెరటి కోర్టునకు 1953లో పదియేండ్ల బాలు డొకడు వచ్చెను. వాని పేరు ఆర్థరు ఆష్. రిచ్‌మండు నగరమున నల్లజాతివారికి కేటాయించిన ఆటస్థలమునకు వాని తండ్రి కావలి యుద్యోగి. ఇల్లు ఆ స్థలములోనే యుండెను. తల్లి 1950లో గతించెను. బక్క పలుచని ఆ పిల్లవాడు ఇంటి ముంగిటి కోర్టులలో ఒక కళాశాల విద్యార్థివద్ద ఆట నేర్చెను. తండ్రి కఠినుడు, కొడుకు బడినుండి ఇంటికి నడచివచ్చుటకు ఎన్ని నిమిషములు పట్టునో లెక్కకట్టి, అంతలో రావలెనని శాసించినవాడు. ఆ బాలుడు నల్లజాతివారి పోటీలలో గెలువసాగెను. కాని తన ఊరిలోని తెల్లవారి ఉద్యానవనపు కోర్టులలో అడుగు పెట్టుటకు వీలు లేదు. చలికాలమున కప్పుగల కోర్టులలో ఆడుటకు వీలు లేదు. తన రాష్ట్రపు తెల్ల పాఠశాలల బాలురతో పోటీపడుటకు వీలు లేదు.

చివరకు 1960లో, పాఠశాల చదువు ఒక్క సంవత్సరము మిగిలియుండగా, ఆ బాలుని ఇల్లు విడిపించి సెయింట్ లూయీ నగరమునకు పంపిరి. అచ్చట రిచర్డు హడ్లిన్ అను ఉపాధ్యాయుడు వానిని తన యింట నుంచుకొని, సమ్నరు ఉన్నత పాఠశాలలో చదివించెను. ఆ నగరపు ఆయుధశాలలో చెక్కనేలపై కోర్టు లుండెను. చెక్కనేలపై బంతి మట్టినేలపైకంటె మిక్కిలి వేగముగా లేచును. రాకెట్టును వెనుకకు దీర్ఘముగా తీసికొనుటకు వ్యవధి యుండదు. ఆ కోర్టులలో వాని ఆట పదునెక్కెను. ఆ సంవత్సరమే వాడు జాతీయ బాలుర ఇండోరు పోటీలో సింగిల్సు విజేత యయ్యెను. 1929లో వీర్, నార్మనులను వాకిటనుండి వెనుకకు త్రిప్పిన పోటీ అదియే.

1961 వేసవిలో ఆష్ సమ్నరు పాఠశాల పక్షమున షార్లట్స్‌విల్‌కు వచ్చెను. తాను పుట్టిన రాష్ట్రమునకు అన్యరాష్ట్రపు విద్యార్థిగా వచ్చెను. పదియేండ్ల క్రిందట ఇద్దరు బాలురు ఒక్క గేమైనను గెలువజాలని ఆ జాతీయ పోటీలో సింగిల్సు విజేత యయ్యెను. ఆ బిరుదు పొందిన నల్లజాతి బాలురలో అతడే మొదటివాడు. పట్టికలో ఒక సంవత్సరము, ఒక పేరు, ఒక పాఠశాల ఇంతయే కనబడును. ఆ యొక్క పంక్తి వెనుక వైద్యుని పెరడు, రెండంగుళముల నేల, తిరస్కరింపబడిన ఇరువురు నాయకులు, ఓడిన ఇరువురు బాలురు, ఇల్లు విడిచిన ఒక సంవత్సరము ఉన్నవి.

తరువాతి కథ లోకమునకు తెలిసినదే. ఆష్ 1963లో అమెరికా డేవిసు కప్పు జట్టులో చేరెను; 1965లో కళాశాలల సింగిల్సు విజేత యయ్యెను. 1968లో అమెరికా ఓపెన్ పోటీని గెలిచెను. అప్పటి కింకను ఔత్సాహిక ఆటగా డగుటచేత పదునాలుగు వేల డాలర్ల బహుమతిని తీసికొనుటకు వీలు లేకపోయెను. 1975లో వింబుల్డన్ గెలిచెను. వర్జీనియాలోను టెక్సాసులోను వేర్వేఱుగా నున్న పాఠశాల సంఘములు 1969, 1970 సంవత్సరములనాటికి ఒక్కటయ్యెను. అప్పటినుండి రాష్ట్ర విజేత అను మాటకు ఆ మాట చెప్పు అర్థము కలిగెను. కాని రెండు సంఘము లొక్కటి యైనప్పుడు, నల్లజాతి పాఠశాలలు పెక్కులు మూతపడెను. వాని బహుమతులును, వాని విజేతల పేర్లును చెదరిపోయెను. న్యాయము ఆలస్యముగా వచ్చినప్పుడు, అది తీర్చవలసిన అప్పులో కొంత తీర్పజాలకయే మిగిలిపోవును.

ఆష్ దీనిని గ్రహించెను. ఆట మానిన తరువాత నల్లజాతి క్రీడాకారుల చరిత్రను శోధించి, మూడు సంపుటములుగా వ్రాసి 1988లో ప్రకటించెను. తాను విజేతయై చరిత్ర కెక్కినవాడు. అయినను చరిత్ర కెక్కనివారి పేర్లను వెదకుటకు ఏండ్లు వెచ్చించెను. 1993లో మరణించెను. 1997లో న్యూయార్కున తెఱచిన గొప్ప టెన్నిసు క్రీడాంగణమునకు అతని పేరు పెట్టిరి. ఏ రిచ్‌మండు నగరమున అతనికి కోర్టు ప్రవేశము లేకుండెనో, ఆ నగరమున ఒక పెద్ద రాజవీథికి 2019లో అతని పేరు పెట్టిరి.

రంగు పేర గాకపోయినను, కులము పేర బావికిని బడికిని దూరముగా నుంచబడినవారి కథలు మనకు క్రొత్తవి కావు. అందుచేత ఈ దూరదేశపు ముచ్చట మనకు సులభముగనే బోధపడును. బహుమతుల పంపకమునాడు గెలిచినవానికి చప్పట్లు కొట్టుట మంచిదే. ఆ చప్పట్లలో నిండు సత్య ముండవలెనన్నచో, పోటీకి పేర్లు వ్రాసికొనునాడు వాకిట నిలిచిన ప్రతి పిల్లవానిని లోనికి పిలువవలెను. పిలిచిన తరువాత, ఎదుటివానికి దొరకిన కోర్టును, గురువును, కాలమును వానికి గూడ సమకూర్పవలెను. అప్పుడు ఓడినవాడు సయితము నాకు అన్యాయము జరిగెనని అనడు. గెలిచినవాని గెలుపును ఎవ్వరును శంకింపరు.